చల్లని, చీకటి చోటు

క్రిస్టీనా అక్క సముఖానికి, బీటెక్ పట్టభద్రుడైన తమ్ముడి విన్నపం.

ఫోటోల హార్డ్ డిస్కును చల్లని, చీకటి చోట దాచాలని చదివాను. గుంటూరులో అలాంటి చోటంటే కోల్డ్ స్టోరేజీయే కదా! మన మిర్చి బస్తాలో పెట్టి కుట్టేశాను. ఫోన్లోవి చెరిపేశాను. మొన్న బస్తా దించి విప్పితే డిస్కంతా చెమ్మ. రిపేరు షాపాయన తుమ్మి, "ఆవకాయ జాడీలో పెట్టావేంట్రా? ఒక్కటీ రాదు" అన్నాడు.

అమ్మ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయక్కా.

ఈ ఆదివారానికి అమ్మ చనిపోయి ఏడాది, జ్ఞాపకార్థ కూడిక. "ఫోటో ఏదిరా?" అని నాన్న రోజూ అడుగుతున్నాడు. "ప్రింటుకిచ్చాను నాన్నా" అంటున్నాను. నీ ఫోన్లో ఎవరి వెనకైనా, సగం ముఖమైనా, అమ్మ ఉందేమో చూడు.

నాన్న ఖాళీ ఫ్రేమే గోడకి తగిలించాడు. పొద్దున్నే దాని అద్దం తుడుస్తున్నాడు.