ఏడు కోటల దారిలో నాన్న

చిరంజీవి పెద్దమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ, అమ్మా, చిన్నోడూ క్షేమం, నా ఎడమ మోకాలు ఒక్కటి తప్ప. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, నీ బేకరీ పొయ్యిలూ అన్నీ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. ఫోనులో అయితే అమ్మ వింటుందని ఉత్తరం రాశానన్నావు. మంచి పని చేశావు. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నేనూ అందుకే కాగితం మీద పెడుతున్నాను. పైగా ఫోనులో అయితే నేను అసలు సంగతికి వచ్చేలోపు "సరే నాన్నా, ఓవెన్ మోగింది" అని పెట్టేస్తావు.

నాలుగు ప్రశ్నలడిగావు. మోకాలి సంగతి పైన చెప్పాను. అమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు మానేసింది, ఇప్పుడు పొద్దుటి డ్యూటీయే. మధ్యాహ్నాలు మీ ఇద్దరూ ఫోనెందుకు ఎత్తడం లేదు అన్నావు, అది పెద్ద కథ, ఇప్పుడే చెబుతాను. నాలుగోది నీ తమ్ముడు చిన్నోడి సంగతి. నీ రెండో దుకాణం వాడికి అప్పగించొచ్చా, వాడి మాట నమ్మొచ్చా అని. "నా కంప్యూటరు ఆట చెరిపేసి రెండు రోజులు నేను కాదని బొంకినవాడు, రేపు నా దుకాణంలో ఏం చేస్తాడో" అని రాశావు. ఇరవై రెండేళ్ళయినా నీకా మంట ఆరలేదు. దానికి జవాబు ఇస్తాను తల్లీ. కానీ ముందు ఫోనెందుకు ఎత్తలేదో చెప్పనీ, లేకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

నలభై రోజుల క్రితం మోకాలికి మందు కొనుక్కుని వస్తూ పాత సామాన్ల దుకాణం ముందు నిలబడ్డాను. ఫ్యాన్లు, రేడియోలు, తీగలు తెగిన టెలిఫోన్లు. వాటి మధ్య దుమ్ము కొట్టుకుపోయి ఒక అట్టపెట్టె! దాని మీద ఏడు బురుజులు, ఎర్ర ఆకాశం, కత్తెత్తిన ఆడమనిషి. నీ ఏడు కోటల ఆటే! నువ్వు ఆ సెలవులన్నీ కంప్యూటరుకు అతుక్కుపోయి ఆడిన ఆట. లోపల సీడీ, లావుపాటి పుస్తకం, మడతలు చిరగని పటం, అన్నీ ఉన్నాయి. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, దుకాణం నడిపే కళ్ళజోడావిడ కుర్చీ తెచ్చి వేసింది.

"ఇది కొత్త కంప్యూటర్లలో నడవదండీ. దీనికి తగ్గ ముసలి కంప్యూటరే కావాలి" అంది.

"ఆడేవాడూ ముసలాడే కదమ్మా, ఇప్పించండి" అన్నాను.

మూలనున్న కంప్యూటరు దులిపి, ఆట ఎక్కించి, నడిపి చూపించి మరీ ఇచ్చింది. రిక్షాలో పెట్టుకుని తెచ్చాను. అమ్మ గుమ్మంలో నిలబడి దానికేసి చూసింది, నాకేసి చూసింది. "డ్రైవరు పని మానేశాక బుర్ర కూడా డిపోలో అప్పజెప్పి వచ్చారా?" అంది. నేను పెట్టె పట్టుకుని లోపలికి నడిచాను. చేతిలో పెట్టె ఉన్నవాడికి మాటలతో పనేముంది!

ఇక ఆట సంగతి. నీకు తెలిసిందే అయినా నేను చెప్పాల్సిందే. నలుగురు మనుషుల జట్టు. ఒక వీరుడు, ఒక మంత్రగత్తె, తాళాలు తీసే దొంగ, గాయాలు మాన్పే వైద్యురాలు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, నాకు దారి చెప్పేవాడెవడని పటం మడిచి పక్కన పెట్టాను. మొదటి కోట కింద సొరంగాల్లో మూడు రోజులు తిరిగాను తల్లీ! ఎటు తిరిగినా అదే గోడ, అదే కాగడా, అదే ఎముకల గూడు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళని పటం ముట్టలేదు. చివరికి బస్సు నడిపేటప్పటి పాత ట్రిప్ షీట్లు తీసి, వాటి వెనక ప్రతి మలుపూ రాసుకుంటూ పోయాను. ఏ మలుపు దగ్గర ఎన్ని అడుగులు, ఎక్కడ ఎంతసేపు ఆగాం, అంతా. నాలుగో రోజు బయట వెలుతురు కనబడేసరికి కుర్చీలోంచి లేచి అరిచాను. మోకాలి సంగతి అప్పుడు గుర్తు రాలేదు, తర్వాత అదే గుర్తు చేసింది.

ఇంకో ముచ్చట విను. అడవి బాట మీద ఒకడు చెయ్యెత్తి నిలబడతాడు, గుర్తుందా? వాడు బందిపోటు. ఆగామా, చెట్లచాటు నుంచి పదిమంది దూకి ఉన్నదంతా ఊడ్చుకుపోతారు. సరే, మొదటిసారి తెలియక ఆగాను. రెండోసారి తెలిసీ ఆగాను! మూడోసారీ అంతే! దారి పక్కన మనిషి చెయ్యెత్తితే నా చెయ్యి నా మాట వినదు. "వాడు దొంగండీ, పోనివ్వండి!" అని అమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది. "ఏమో, ఈసారి నిజంగా ప్రయాణికుడేమో" అన్నాను. చొక్కా తప్ప అన్నీ పోయాయి.

అప్పటికి అమ్మ కూరలు తరుగుతూ దూరం నుంచి చూసేది. ఆవిడ నా కుర్చీ దగ్గరికి జరిగింది మందు సీసాల వల్ల. దెబ్బలకు తాగే మందులు దొరికినవి దొరికినట్టు దాచాను, కష్టకాలానికి పనికొస్తాయని. రెండో కోటలో రాక్షసుల చేతిలో నలుగురం చచ్చాం. సంచిలో ముప్పైకి పైగా సీసాలు మూత తియ్యకుండా ఉన్నాయి. అమ్మకు ఒళ్ళు మండింది. "పేషెంటు పోయాక మందెవరికి పోస్తారు? లేవండి అటు!" అని కత్తిపీట వదిలేసి వచ్చింది. ఆనాటి నుంచి వైద్యురాలు ఆవిడ చేతిలోనే ఉంది. ఎవరికి ఎప్పుడు ఎంత మోతాదో అమ్మ చెబుతుంది, నేను కత్తి తిప్పుతాను. ఆ తర్వాత మా జట్టులో ఒక్కరూ చావలేదు! డ్యూటీ నుంచి వస్తూనే చెప్పులైనా విప్పకుండా "ఎక్కడి దాకా వచ్చాం?" అంటుంది. ఇదమ్మా మేం ఫోనెత్తకపోవడానికి కారణం. నీ ఫోను మోగినప్పుడు మేం మూడో కోటలో గబ్బిలాలతో ఉన్నాం.

నాలుగో కోటలో అద్దాల గది దగ్గర ఇద్దరం చిక్కుపడిపోతే చిన్నోణ్ణి పిలిచాం. ఆదివారాలు వస్తున్నాడు. ఫ్రిజ్జులు బాగుచేసే వేళ్ళు కదా, ఆ కీబోర్డు మీద ఎంత నెమ్మదిగా కదులుతాయో! మేం తొందరపడతాం, వాడు పడడు. మొన్న ఆదివారం ఆరో కోట గుమ్మం చేరాం. ఆనాడు నువ్వు చేరిన చోటికే! అమ్మ చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

ఎందుకంటే తల్లీ, ఆ గుమ్మం దగ్గర నీ ఆట చెరిపింది నేను.

ఆ రోజు నాకు సెలవు. నువ్వు ఈతకు వెళ్ళావు, అమ్మ డ్యూటీకి వెళ్ళింది, చిన్నోడు వీధిలో ఆడుకుంటున్నాడు. కళ్ళు పోతాయి, చదువు పోతుంది అని ఆ ఆటను పొద్దస్తమానం తిట్టేవాణ్ణి గదా. ఇంతకీ అందులో ఏముందో చూద్దామని ఒక్కణ్ణే కూర్చున్నాను. కొత్త ఆట మొదలుపెట్టాను. గంటన్నర గడిచింది. ఎవరో తలుపు తీస్తున్న చప్పుడైతే కంగారుగా ఆట మూయబోయాను, ఇక్కడి దాకా ఆడింది దాచమంటారా అని కంప్యూటరు అడిగింది. దాచమన్నాను. అది ఒక్క ఆటనే దాచుకోగలదని నాకేం తెలుసు? నువ్వు నెలలపాటు గెలుచుకున్నదంతా నా గంటన్నర కింద పడి పోయింది.

సాయంత్రం నువ్వు గుండెలు పగిలేలా ఏడ్చావు. "వీడే, వీడే చెరిపాడు" అని చిన్నోడి జుట్టు పట్టుకున్నావు. "నేను కాదక్కా" అన్నాడు వాడు. నేను పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అన్నాళ్ళు తిట్టిన నోటితో నేనే ఆడానని ఎలా చెప్పను? నీకు పదమూడేళ్ళు, వాడికి తొమ్మిది. రెండు రోజులు నువ్వు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఈ గొడవ తెగ్గొట్టాలని వాణ్ణి చెవి పట్టుకుని తెచ్చి నీ ముందు నిలబెట్టాను. "తప్పయిందని చెప్పరా" అన్నాను. వాడు నా మొహంలోకి చూస్తూనే చెప్పాడు, "తప్పయింది అక్కా" అని. నువ్వు క్షమించలేదు. నేను భోజనానికి కూర్చున్నాను. సిగ్గుగా ఉంది తల్లీ, ఇది రాయడానికి.

నీ ఉత్తరం చదివాక ఆరు రోజులు ఇది నా గొంతులోనే ఆడింది. ఆదివారం అమ్మ వంటింట్లోకి వెళ్ళగానే చిన్నోడితో చెప్పేశాను. వాడు తెర మీంచి చూపు తిప్పలేదు.

"నాకు తెలుసు నాన్నా" అన్నాడు.

"ఏం తెలుసురా?"

"ఆ రోజు కిటికీలోంచి చూశాను. నువ్వొక్కడివే కూర్చుని నవ్వుతున్నావు. నువ్వంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. చెబితే ఇంకెప్పుడూ ఆడవేమోనని చెప్పలేదు."

వాడే లేచి నాకు మంచినీళ్ళు తెచ్చాడు.

ఆరో కోట తలుపు ఇంకా తెరవలేదు. అది నీ వంతు అని ముగ్గురం అనుకున్నాం, బేకరీకి రెండు రోజులు తాళం వేసి రా. నన్ను తిట్టాలనుంటే తిట్టు, నేను ఎదురుగానే కూర్చుంటాను. అమ్మకు కూడా నువ్వొచ్చాక నీ ముందే చెబుతాను, ఆవిడ పెట్టే చీవాట్లు వేరే ఉంటాయి.

నీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇది. చిన్నోడు నీతో ఒక్కసారే అబద్ధమాడాడు తల్లీ. "నేను కాదక్కా" అన్నప్పుడు కాదు, "తప్పయింది అక్కా" అన్నప్పుడు.

ఇట్లు,
ఆ అబద్ధం వాడి చేత ఆడించిన
మీ నాన్న