ఆదివారం దాకా ఆపిన వాటాలు

తామ్వే, రంగూన్,
30 ఆగస్టు 1988.

చిరంజీవి బుల్లియ్యను అచ్చమ్మ మామ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ అప్పలమ్మా వేళకు ఇంత తింటున్నారని తలుస్తాను.

సమ్మెతో మన గోదాము మూతబడినప్పటి నుంచి మనవాళ్లను చూడటమే అరుదైపోయింది. మా వీధి మొగన వెదురు గేటు కట్టి కుర్రాళ్లు కాపలా కాస్తున్నారు. రోజూ చూసే నన్ను కూడా పేరడుగుతారు. పోస్టాఫీసు తెరవడం లేదు కనుక, మన కాటా దగ్గర పనిచేసే పద్మ ఈ ఉత్తరం అహ్లోన్ తెచ్చి నీకు చదివి వినిపిస్తుంది.

మీ అబ్బాయి కృష్ణకుమార్ బతికే ఉన్నాడు. మౌల్మీన్‌లో ఒక టీ దుకాణంలో కప్పులు కడుగుతున్నాడు. మన లారీ డ్రైవరు సన్యాసి కళ్లారా చూశాడు. పై వారం చేపల పడవెక్కి ఇంకా దక్షిణానికి పోతాడట. పోతే ఇక మనకు దొరకడు. రైళ్లు లేవు, లారీల వాళ్లు నోటికొచ్చింది అడుగుతున్నారు. అందుకని పద్మ చేతికి వెయ్యి క్యాట్లు ఇచ్చాను. రేపే బయల్దేరు. దారిలో తాగకు. వాణ్ణి చూడగానే కొట్టకు.

కిందటేడు సంగతి నువ్వు ఎత్తవు. నేనే ఎత్తుతాను. గోదాములో మనం ఐదుగురం నెలనెలా వేసుకునే లాటరీకి బహుమతి తగిలింది. శుక్రవారం నేను డబ్బు తెచ్చి ఐదు కవర్లలో పెట్టాను. ఆదివారం అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, అందరూ కూర్చున్నాకే పంచాలన్నది నేను పెట్టిన నియమం. ఆ సాయంత్రమే నువ్వొచ్చి, పొద్దున్నే కుర్రోడి ఫీజు కట్టాలి, నా కవరు ఇచ్చీ మామ్మా అన్నావు. నియమం అందరికీ ఒకటే అన్నాను. ఆదివారం దాకా దాస్తే కాగితాలు గుడ్లెడతాయేటి అని నవ్వావు. నేను నవ్వలేదు.

మర్నాడు పదకొండు గంటలకు రేడియోలో చెప్పేశారు. ఇరవయ్యైదు, ముప్పయ్యైదు, డెబ్బయ్యైదు నోట్లు చెల్లవు, బదులు కూడా ఇవ్వరని.

ఆ గొడవకు కాలేజీలు మూసి అక్టోబరులో మళ్లీ తెరిచారు. నువ్వు ఫీజు కట్టలేకపోయావు. చదువు పోయిన కుర్రాడు మార్చిలో విద్యార్థుల ఊరేగింపుతో వెళ్లి ఇంటికి రాలేదు. మామ్మ మొండితనమే నా బిడ్డను వీధిలో పెట్టిందని అప్పలమ్మ అన్నదట. ఆమె మీద నాకు కోపం లేదు. ఆ మాట నా ముందే అని ఉంటే బాగుండేది.

తండ్రీకొడుకులు కలిసి వచ్చారన్న కబురు కోసం చూసే,
అచ్చమ్మ.

తా.క.: ఈ వెయ్యీ ఎక్కడిదో చెప్పకుండా పంపడానికి చెయ్యి రావడం లేదు. ఆ శుక్రవారం లాటరీ ఆఫీసులో డెబ్బయ్యైదులు నిండుకుంటే, చివరి వెయ్యి పది క్యాట్ల నోట్లుగా ఇచ్చారు. బజారుకు చిల్లర సులువని ఆ కట్ట నా కవర్లో పెట్టుకున్నాను. పదులు చెల్లాయి. మీ నలుగురివీ పోయాయి, నాది పోలేదు. గుడిలో మీరంతా ఏడుస్తుంటే నేను నా కవరు విప్పలేదు. మామ్మదీ పోయిందని మీరే అనుకున్నారు, నేను కాదనలేదు. అక్టోబరులో నువ్వు అప్పు కోసం వీధి వీధీ తిరుగుతున్నప్పుడు అది నా బియ్యం డబ్బాలోనే ఉంది. ఇస్తే, నాది ఎలా మిగిలిందని అడుగుతారని భయపడ్డాను.

పద్మా, మామ్మ పస్తుంటుందని ఆ వారమంతా నువ్వు క్యారేజీ తెచ్చిపెట్టావు. నేను తిన్నాను. ఈ ముక్క మనసులో చదువుకుని మడిచెయ్యకు. గొంతెత్తి చదువు, అప్పలమ్మకు కూడా వినబడాలి.