పలకరాతి దుమ్ము

ఉత్తర వేల్స్

కళానిధి అధికారి మిస్ హాలిడే గారికి,

నమస్కారం. పలకరాతి మీద అక్షరాలు చెక్కే మా ఆయన ఎమ్రిస్ మీ సాయం కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. దయచేసి కాదనండి.

ఆయన ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే. ఇంకా చెక్కితే ఏడాది తిరగదన్నాడు డాక్టరు. ఆ సంగతి మీ ఫారంలో రాయలేదేమని అడిగితే, "వాళ్లిచ్చేది నా చెయ్యి చూసి, ఊపిరి చూసి కాదే" అని నవ్వారు. మీరు కాదంటే ఉలి కింద పెడతారని నా ఆశ.

నిన్న ఆయన చర్చికి వెళ్లినప్పుడు ఆయన రాళ్లు చెక్కే పాకలోకి వెళ్లాను. గుడ్డ కప్పిన సమాధి పలక ఒకటి కనిపించింది. దాని మీద ఆయన పేరు, పుట్టిన ఏడాది ఉన్నాయి. పక్కనే ఈ ఏడాది కూడా చెక్కేశారు.

జవాబు ఆయన పేరు మీదే పంపండి. నేను రాసినట్టు తెలియనివ్వకండి.

ఇట్లు,
ఎమ్రిస్ భార్య