నూనెలో దిగిన ఘాటు

అక్కా,

నాకు నీ బడికే బదిలీ వచ్చింది. నువ్వు పోయి ఏడాదవుతున్నా ఇక్కడి పిల్లలకి ఇంకా నువ్వే పెద్ద టీచర్‌వి. నేను చిన్న టీచర్‌ని.

ఇవాళ ఏడో తరగతి సైన్సు క్లాసులో ఒక గ్లాసులో నీళ్లు, ఇంకో గ్లాసులో నూనె పోసి, రెండింట్లోనూ మన కారం కలిపాను. ఘాటు దేంట్లో దిగుతుందో చెప్పమని అడగబోయేలోపే క్లాసంతా అరిచింది.

"నూనెలోనండీ! పెద్ద టీచర్ గారు పోయినేడే చేసి చూపించారండీ!"

నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు నీ పాత గౌన్లు తొడుక్కున్నాను, నీ పాత పుస్తకాలు చదివాను. ఇప్పుడు నువ్వు చెప్పేసిన పాఠం కూడా నాకేనా?

"చాల్లే, కూర్చోండి" అని కసిరాను. ముందు బెంచీలో నస్రీన్ మాత్రం కూర్చోలేదు.

"పెద్ద టీచర్ గారు చిన్నప్పుడు కల్లంలో మిరపకాయల తొడిమలు తీసి, చేతులు మండుతుంటే నీళ్లతో కడుక్కుని ఏడ్చేవారంటండీ. ఓ రోజు వాళ్ల చెల్లెలు కొబ్బరినూనె రాస్తే మంట తగ్గిందంటండీ. తనకి సైన్సు మీద ఇష్టం పుట్టింది ఆ రోజేనని చెప్పారండీ. ఆ చెల్లెలు మీరేనాండీ?"

తలూపి, బోర్డు వైపు తిరిగి చాలాసేపు ఏదో రాస్తూ ఉండిపోయాను.

ఇన్నేళ్లలో ఈ మాట నాతో ఒక్కసారీ అనలేదు నువ్వు. వాళ్లకి మాత్రం చెప్పావు.

ఇప్పుడు కుళ్లు నీ మీద కాదక్కా, ఆ పిల్లల మీద.