చిత్రమందిరంలో ఆదివారం

బావగారూ, వందనాలు. మీరు ఈ లోకం వదిలి వెళ్లిపోయి మూడేళ్లు దాటింది. ఇక్కడి సంగతులు మీకు చెప్పేవాళ్లు ఎవరున్నారని నేనే రాస్తున్నాను.

మీరు జీవితమంతా బొమ్మ వేసే ఆపరేటరుగా పనిచేసిన హాలు మూతపడింది. ఏలూరు జనం కొత్త హాళ్లకి పోయారు. బాల్కనీలో పావురాలు, నేల టిక్కెట్టు వైపు గడ్డి... "కాలవ మీద పడవల్లో వచ్చి మరీ చూసేవారండి మా హాల్లో ఆట" అనేవారు కదా మీరు. ఆ ముందు గోడ మాత్రం అలాగే ఉంది. రెండు పక్కలా సిమెంటు నెమళ్లు, మధ్యన సిమెంటు అక్షరాల్లో 'చిత్రమందిరం'.

ఆ మాట మీద మీకూ నాకూ ఎంత గొడవ! గేటు ఎదురుగా మైకు పెట్టి, దేవుని ఇంటికి ఉండవలసిన పేరు ఈ పాపపు కొంపకి పెట్టారని నేను నిప్పులు కక్కేవాడిని. మీరు ఇంటర్వెల్లో బీడీ కోసం కిందికి దిగి, "ఏవండీ బోధకులుగారూ, మీదీ మందిరమే, మాదీ మందిరమేనండి. కాకపోతే మాదాంట్లో ఎవరూ నిద్రపోరు" అనేవారు. జనం నన్ను వదిలేసి మీ మాటకి నవ్వేవారు.

ఆ ప్రసంగాల్లో ఒక్క మాటా నేను వెనక్కి తీసుకోను. అది వేరే సంగతి.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్లు కొట్టేశాక, పనుల్లేక చాలా కుటుంబాలు ఏలూరు వచ్చేశాయి. ప్రార్థన జరిగే మన రేకుల షెడ్డు చాల్లేదు. వానొస్తే సగంమంది బయటే. వెళ్లి హాలు ఓనరుగారిని అడిగాను. కాంప్లెక్సు కట్టేవాళ్లు అప్పటికే కొలతలు తీసుకుని వెళ్లారు. ఆయన అమ్మకం ఆపి, ఆదివారాలు మనకి ఇస్తానన్నారు. ఒక్కటే షరతు... వాళ్ల నాన్నగారు పెట్టించిన అక్షరాలు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే హాలు కాంప్లెక్సు వాళ్లకే. వాళ్లు పడగొట్టేస్తారు.

సంఘం వాళ్లు ఎదురు తిరిగారు. 'చిత్ర' చెక్కేసి 'మందిరం' ఉంచితేనే అడుగు పెడతామన్నారు. ఇన్నేళ్లు నేను నేర్పిన పాఠమే నాకు అప్పజెప్పారు. మీరుంటే ఎంత నవ్వేవారో...

మొదటి ఆదివారం అందరూ గేటు బయటే నిలబడిపోయారు. నేను బైబిలు చంకలో పెట్టుకుని మెట్లెక్కి, పైకి చూడమన్నాను. చిత్రమంటే సినిమా ఒక్కటేనా అని అడిగాను. రాత్రంతా వలేసినా ఒక్క పరిగె కూడా పడని జాలరులకి, ప్రభువు మాటతో వల పిగిలేటన్ని చేపలు పడ్డాయే... అది చిత్రం కాదా? కొల్లేరు వాళ్లకి వల సంగతి ఒకరు చెప్పాలా? తలలూపారు. అయినా ఎవరూ కదల్లేదు.

ముందు కదిలింది అక్క. రోజూ మీకు క్యారేజీ తెచ్చి, గేటు దగ్గరే ఇచ్చి వెనక్కి తిరిగిన మనిషి. తమ్ముడి బోధకి కట్టుబడి ఒక్కనాడూ ఆ గేటు దాటలేదు. చెప్పులు విడిచి, నా పక్కనుంచే మెట్లెక్కి లోపలికి వెళ్లింది. ఆమె వెనకే మిగతావాళ్లు...

ఇప్పుడు ప్రతి ఆదివారం అక్కడే ఆరాధన. నా ప్రసంగానికి వెనక వరసలో ఇద్దరు నిద్రపోయారు కూడా. ఆ ఒక్క విషయంలో గెలుపు మీదే.

మొదటిరోజు పాట ఎత్తుకున్నాక చూశాను. అందరి ముఖాలూ నావైపు. అక్క ఒక్కతే వెనక్కి తిరిగి, పైన గోడలో మీ గది కిటికీకేసి చూస్తోంది. వెలుగు ఎక్కణ్ణుంచి పడేదో వెతుకుతోందా? నేను అడగలేదు. అడగాలా?

ఆ కిటికీలోంచి గబ్బిలాలు వస్తున్నాయని, సిమెంటుతో మూసేద్దామంటున్నారు సంఘం వాళ్లు.

మూయనివ్వను బావగారూ.

మీ బావమరిది