నా కొడుకు చేలో నా వాటా

బుధవారం, రాత్రి

శీను పొలం సంగతి చెప్పటానికి ఇయ్యాల వీఆర్వో ఇంటికొచ్చాడు. చనిపోయేముందు శీను వీలునామా రాయలేదు గదా, అందుకని వాడి పెళ్లానికి, బిడ్డకి, నాకు తలా ఒక వాటా అంట. కొడుకు ఆస్తికి నేను వారసురాలినంట. ఏ తల్లీ వినకూడని మాట.

శీను తమ్ముడు, మా చిన్నోడు, నన్ను పక్కకి పిలిచి, "నీ వాటా నా పేర రాయమ్మా, నిన్ను నేను చూసుకుంటా" అన్నాడు. నేనేమో కోడలికే వదిలేద్దామనుకున్నా. ఆ మాట చెప్తే అది గయ్యిమంది.

"ఏంది అత్తా, అంతా నాకిచ్చేసి మరిది కాడికి పోదామనా? నీ వాటా ఉంచుకో. అట్టయినా నా కాడే ఉంటావు."

చిన్నోడికి ఏం చెప్పాలో తెలవటంలా. పొద్దున్నే మాత్రం నేనూ కోడలూ కళ్లానికి పోయి, శీను నాటిన చెట్ల మిరపకాయ ఎండేట్టు తిరగెయ్యాలి.