రెండు మూరలు జరిపిన పరుపులు

కైరో, షుబ్రా
సోమవారం, 17 మార్చి 2008

సోదరతుల్యుడు బహ్గత్‌కు,

ఇస్మత్ సలాములతో రాయునది. నిన్నూ, ఎతిదాల్ వదిననూ, మీ పిల్లలనూ, వాళ్ళ పిల్లలనూ దేవుడు చల్లగా చూస్తున్నాడని తలుస్తాను. నేనూ క్షేమమే అని రాయడం మర్యాద కనక రాస్తున్నాను. మోకాళ్ళు తప్ప తక్కిన ఒళ్ళు బాగానే ఉంది. తక్కిన నా సంగతి ఈ ఉత్తరం చదివాక నువ్వే తేల్చుకో.

ఇరవై రెండేళ్ళ తర్వాత ఉత్తరం రాసేవాడు ఇన్నాళ్ళూ ఏం చేశాడో ముందు చెప్పుకోవాలి. సినిమాలు చేశాను. ఎన్ని చేశానో నాకు తెలియదు. ఈమధ్య ఒక శాటిలైట్ చానెల్ వాళ్ళు ఫోన్ చేసి, "ఉస్తాద్, మిమ్మల్ని సన్మానిస్తున్నాం, మీవి రెండువందల పద్నాలుగు సినిమాలు, అరవై ఒక్క సీరియళ్ళు" అన్నారు. ఎవరో కుర్రకుంక కూర్చుని లెక్కపెట్టాడట. వినగానే నాకు గర్వం కలగలేదురా. ఎన్నాళ్ళుగానో ఊడవని గదిలో చెత్త ఎంత పోగుపడిందో ఎవరో తూకం వేసి చెప్పినట్టనిపించింది.

నీకు తెలియనిదేముంది? గల్ఫ్‌కు వీడియో క్యాసెట్లు అమ్ముకునే ఆ రోజుల్లో పదకొండు రోజులకో సినిమా. హరమ్ వీధిలో అద్దెకు తీసుకున్న ఆ ఒక్క ఫ్లాటే సోమవారం డాక్టరు గది, మంగళవారం నాట్యగత్తె ఇల్లు, బుధవారం స్మగ్లర్ల స్థావరం. ఎర్ర మఖమలు సోఫా మాత్రం మారేది కాదు. నువ్వు వెళ్ళిపోయాక కూడా ఆ సోఫా మీద పదేళ్ళు పనిచేశాను. ఎంతమంది ఆడపిల్లల చెయ్యి బలవంతంగా పట్టుకున్నానో, వాళ్ళ పేర్లు ఒక్కటీ గుర్తులేదు. షాటు అవగానే వాళ్ళు పోయి చేతులు కడుక్కునేవారు. నేనూ కడుక్కునేవాణ్ణి. కర్కదే, అదే ఎండు మందారపూల కషాయం, చిక్కగా కాచి, చక్కెర వేసి, అదే రక్తమని మా చొక్కాల మీద పోసేవారు. చచ్చిపడి ఉంటే మెడ మీదికి చీమలు పాకేవి. కదిలితే ఫిల్ము దండగని ఊపిరి బిగబట్టి పడుకునేవాణ్ణి. నా జీవితంలో నేను నేర్చుకున్న నటన అదొక్కటే: చీమలు కుడుతున్నా కదలకుండా ఉండడం.

తర్వాత సీరియళ్ళు వచ్చాయి. రంజాన్ నెలలో నాలుగు చానెళ్ళలో ఒకేసారి కనబడతాను. ఒకదాంట్లో లంచగొండి ఇన్‌స్పెక్టరు, ఇంకోదాంట్లో తమ్ముడి ఆస్తి మింగే అన్న. కోటు మాత్రం అన్నిట్లో ఒకటే, నా సొంతది. బజారుకెళ్తే కూరలమ్మే ఆడవాళ్ళు, "వచ్చాడమ్మా దొంగసచ్చినోడు, ముల్లంగి దాచుకోండి" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వుతూ టమాటాలు ఏరుకుంటాను. ఇంటికొచ్చాక ఆ టమాటాలు తినబుద్ధి కాదు.

సరే, అసలు సంగతికి వస్తాను. దాని చుట్టూ తిరిగి తిరిగి వస్తున్నానని నీకు అర్థమయ్యే ఉంటుంది.

"బూలాక్ పులులు" సినిమా గుర్తుందా అని నిన్ను అడగడం సిగ్గుమాలిన పని. నీ నడుములో అది రోజూ ఉంటుంది. కానీ ఆ మధ్యాహ్నం నీకు గుర్తులేదని నాకు తెలుసు. నేను చూసింది చూసినట్టు రాస్తాను. చదువు.

ఫైసల్ వీధిలో సగం కట్టి వదిలేసిన భవనం. రెండో అంతస్తు పిట్టగోడ మీద నేను నిలబడాలి, హీరో కాల్చాలి, నేను కింద పడాలి. ఎత్తంటే నాకు కాళ్ళు వణుకుతాయి కనక, ఎప్పటిలాగే నా చొక్కా వేసుకుని నువ్వు పడాలి. నలభై సినిమాల్లో నా వీపు నీదే కదా. అంతకుముందు నా మొహం మీద ఒక దగ్గరి షాటు ఉంది. నా బతుకులో మొట్టమొదటిది. చావుకు ముందు రెండు మాటలు కూడా రాశారు. పొద్దున్నుంచీ ఆ రెండు మాటలే జపిస్తున్నాను. నువ్వు పక్కన కూర్చుని రొట్టెలో ఫూల్ చిక్కుడుగింజల ముద్ద పెట్టుకు తింటూ, "ఒరేయ్, ఇప్పుడు నీ మొహం చూసి గల్ఫంతా భయపడుతుంది, అద్దం జాగ్రత్త" అని వేళాకోళం చేశావు.

కెమెరా నా పక్కనుంచి కిందికి చూస్తోంది. డైరెక్టర్ రాఫత్ సరేనన్నాడు. నేనే కెమెరాలో ఒకసారి కన్ను పెట్టి చూశాను. నా భుజం ఉండాల్సిన చోటు వెనక, కింద, నీ కోసం పరిచిన పరుపుల అంచు కనబడుతోంది. రాఫత్‌కు అది పట్టలేదు. క్యాసెట్ సినిమాలో ఎవడు చూస్తాడన్నాడు. నాకు పట్టింది. "ఉస్తాద్, నా ఒక్క మంచి షాటు పరుపులతో పాడుచేయకండి, రెండు మూరలు జరిపిస్తే పోతుంది" అన్నాను. కింద ఉన్నవాళ్ళను నేనే కేకేసి జరిపించాను. రాఫత్ కాదు, నిర్మాత హాజ్ మిద్‌హత్ కాదు. నేను.

షాటు బాగా వచ్చింది. అందరూ భేష్ అన్నారు. టీ తెచ్చారు. ఆ మెప్పుల్లో పరుపులు మళ్ళీ యథాస్థానానికి లాగాలని ఎవరికీ తోచలేదు. నువ్వు పిట్టగోడ ఎక్కావు. వెనక్కి పడాలి కనక కిందికి చూసే వీలు లేదు. నేను పక్కనే టీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. కిందికి చూశాను. పరుపులు ఎక్కడున్నాయో చూశాను. రాఫత్ మూడు దాకా లెక్కపెట్టాడు. ఒకటి అన్నప్పుడే నేను చూశాను, బహ్గత్. నీ పేరు పిలవడానికి రెండు అంకెల వ్యవధి ఉంది. ఎవరో సరిచూసే ఉంటారులే అనుకున్నాను. షాటు మధ్యలో అరిస్తే హాజ్ తిడతాడని కూడా అనుకున్నాను. మూడు అన్నాకే నువ్వు పడ్డావు. ఒక్క క్షణం ముందు కాదు.

ఆ సాయంత్రం హాజ్ మిద్‌హత్ నన్ను కారులో కూర్చోబెట్టుకున్నాడు. "చూడు ఇస్మత్, పరుపులు జరిపించింది ఎవరని పోలీసులు అడిగితే నీ పేరే వస్తుంది. వాడు సైగ రాకముందే పడ్డాడని రాసేద్దాం. నీకూ ఇబ్బంది లేదు, సినిమా ఆగదు. వాడికి సంఘం వాళ్ళు ఎలాగూ ఏదో చేస్తారులే" అన్నాడు. తర్వాతి సినిమాలో నాకు రెండో విలన్ వేషం అని కూడా అన్నాడు. నేను సంతకం పెట్టాను. నీ సొంత తప్పని తేలాక నటుల సంఘం నీకేమీ చేయలేదు.

ఇంతవరకూ ఎలాగో రాశాను. ఆసుపత్రి సంగతి రాయడానికి నిన్నంతా పట్టింది.

నువ్వు నడుము దాకా కట్టుతో బల్లలా పడుకుని ఉన్నావు. ఎతిదాల్ వదిన నారింజ ఒలుస్తోంది. నన్ను చూసి నువ్వు ఏడ్చావు. "నన్ను క్షమించరా ఇస్మత్, తొందరపడి దూకి చచ్చానట, నీ సీను తగలేశాను. నీ దగ్గరి షాటు అయినా మిగిలిందా?" అన్నావు. నీకేమీ గుర్తులేదు కనక అందరూ చెప్పిందే నమ్మావు. నేనేమన్నానో నీకు గుర్తుందో లేదో. "పోనీలేరా, అయిందేదో అయింది" అన్నాను. నిన్ను క్షమించాను. వదిన పెట్టిన నారింజ తొనలు తిన్నాను కూడా. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నువ్వు పండగ పండగకీ కబురు పంపావు. తంతా ఊళ్ళో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టానని, ఒకసారి వచ్చిపొమ్మని అన్నావు. నేను షూటింగుల్లో ఉన్నానని చెప్పించాను. అబద్ధమేం కాదు. ఎప్పుడూ షూటింగుల్లోనే ఉన్నాను. అందుకే ఉన్నాను.

ఇక పోయిన బుధవారం సంగతి. సన్మానం అన్నారు కదా. స్టూడియోలో బంగారురంగు కుర్చీలో కూర్చోబెట్టారు. నేను చచ్చే సీన్లన్నీ వరసగా కలిపి చూపించారు. జనం చప్పట్లు కొట్టారు. నా చావుల్లో ఒక్కటీ నాకు నచ్చలేదు. అన్నిట్లోనూ ఒకేలా నోరు తెరిచాను, చేపలాగా. తర్వాత యాంకరు నెర్మీన్, "ఉస్తాద్, మీకొక కానుక" అని తెర వైపు చెయ్యి చూపించింది.

తెర మీద నువ్వు.

కొట్టు ముందు, చేతికర్రతో. మీసం నెరిసింది. నిన్ను చూసి ఇన్నేళ్ళయినా ఆ ఎడమ కనుబొమ్మ ఎగరేయడం చూడగానే గుర్తుపట్టాను. నువ్వన్న మాటలు నేను మళ్ళీ రాయక్కర్లేదు, అయినా రాస్తున్నాను. "ఇస్మత్ గొప్ప కళాకారుడండీ. ఆరోజు తప్పు నాదే, తొందరపడ్డాను. అయినా ఆసుపత్రికొచ్చి చూసిపోయాడు. తోడబుట్టినవాడైనా ఏం చేస్తాడు?" అన్నావు. కెమెరా ఒకటి నా మొహం దగ్గరికి జరిగింది. కన్నీళ్ళ కోసం ఆగింది. నెర్మీన్ గొంతు తగ్గించి, "మీ మిత్రుడికి ఏమైనా చెబుతారా ఉస్తాద్" అంది.

నాకు నామీద ఎంత రోత పుట్టిందంటే, గొంతు దాకా పుల్లగా వచ్చింది. కాలరు మైకు పీకి ఆ బంగారు కుర్చీలో పడేశాను. ఎవరు పిలుస్తున్నా ఆగకుండా బయటికి నడిచాను. కార్లు నిలిపే చోట గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. నీ విషయంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అది, ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా.

నువ్వు క్షమిస్తావని రాయడం లేదు. ఈసారి క్షమించడం నా వంతూ కాదు, నీ వంతూ కాదేమో. జరిగింది నీకు తెలియాలి, అంతే. నువ్వు తొందరపడలేదు. నువ్వు మన కాలంలో ఉన్నవాళ్ళందరిలోకీ లెక్క తప్పకుండా పడేవాడివి. ఎతిదాల్ వదినకు ఇది పైకి చదివి వినిపించు. నీ పిల్లలకు కూడా.

ఒకప్పుడు నీతో ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద ఉన్నవాడు,
ఇస్మత్ అబ్దుల్ ముగ్నీ

తాజా కలం: మడిచి కవరులో పెట్టాక మళ్ళీ విప్పాను. పైన రాసినదంతా నిజం, స్టూడియోలోంచి లేచిపోయానన్నది తప్ప. నేను లేవలేదు. కుర్చీలోనే కూర్చున్నాను. అడగగానే ఏడ్చాను. లైటు చెంప మీద సరిగ్గా పడలేదని మళ్ళీ ఏడవమన్నారు, మళ్ళీ ఏడ్చాను, రెండోసారి ఇంకా బాగా వచ్చింది. "అవును, పాపం, వాడు కొంచెం తొందరపడ్డాడు, నేనెప్పుడో మనసులోంచి తీసేశాను" అన్నాను. జ్ఞాపిక తీసుకున్నాను. వాంతి నిజంగా అయుంటే బాగుండేది. ఈ శుక్రవారం నమాజు తర్వాత అది ప్రసారమవుతుంది. ఆలోపే ఈ ఉత్తరం నటుల సంఘానికి తీసుకెళ్ళు. నీ పక్కన నిలబడి సాక్ష్యం చెబుతానని రాయాలని ఉంది. కానీ ఆ రోజు ఎవరైనా షూటింగుకు పిలిస్తే వెళ్ళిపోతానేమోనని నాకే అనుమానం. అందుకే కింద వేలిముద్ర వేశాను, ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించాను. ఒకరు మా కిరాణా కొట్టు జకీ. రెండోవాడు నాకు పాతికేళ్ళుగా గడ్డం గీసే లమ్‌యీ. ఇవాళ పొద్దున్న గడ్డం గీస్తుండగా ఇచ్చాను. నిలబడి చివరిదాకా చదివాడు. సంతకం పెట్టాడు. కత్తి తుడిచి పక్కన పెట్టి, సబ్బు ఆరిపోతున్న సగం మొహంతో కూర్చున్న నా చేతికి తువ్వాలిచ్చి, కొట్టు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ సగం గడ్డంతోనే పోస్టాఫీసుకు వెళ్తున్నాను.